హకీమ్ అబూబక్ర్ రాజీ: లోహానికి పట్టే తుప్పు, హృదయానికి పట్టే తుప్పు

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన లెక్కలేనన్ని అనుగ్రహాల్లో లోహాలు ఒకటి. దివ్య ఖుర్ఆన్‌లో ఇనుము పేరుతోనే ఒక సూరా ఉంది. అదే సూరయె హదీద్. ఇనుములో గొప్ప బలమూ, ప్రజలకు ప్రయోజనాలూ ఉన్నాయని అందులో మన ప్రభువు తెలియజేశాడు. అంతటి బలమున్న ఇనుము కూడా నాలుగు రోజులు తడి గాలిలో పడి ఉంటే ఎర్రబారి, పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని తినేస్తున్నది ఏమిటో కంటికి కనిపించదు.

ఆ కనిపించని దాని పని ఏమిటో కొలిమి ముందు కూర్చుని శ్రద్ధగా గమనించిన ఒక హకీమ్ జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయనే అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ. ఖుర్ఆన్ వ్యాఖ్యానం రాసిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ వేరు, ఈయన వేరు. ఇమామ్ ఫఖ్రుద్దీన్ హిజ్రీ 606లో, అంటే ఈయనకు దాదాపు మూడు వందల సంవత్సరాల తరువాత మరణించారు. ఇద్దరూ రయ్ పట్టణానికి చెందినవారు కావడం వల్ల ఇద్దరికీ రాజీ అనే పేరు వచ్చింది. ఈ తేడా తెలియక ఒకరి మాటలు మరొకరికి అంటగట్టేవారు ఉన్నారు కనుక ముందుగానే చెబుతున్నాము.

రయ్ నుంచి బగ్దాద్ దాకా

రాజీ హిజ్రీ 251లో, క్రీస్తు శకం 865లో, నేటి ఇరాన్ రాజధాని టెహ్రాన్ పక్కనున్న రయ్‌లో జన్మించారు. యవ్వనంలో సంగీతం పట్ల మక్కువ చూపారని, తరువాత దాన్ని వదిలి విద్యల వైపు మళ్ళారని జీవిత చరిత్రకారులు రాశారు. మొదట ఆయన్ని ఆకర్షించింది కీమియా, అంటే రసాయన విద్య. రాత్రింబవళ్ళు నిప్పు ముందు కూర్చోవడం వల్ల, ఘాటైన పొగల వల్ల ఆయన కళ్ళు దెబ్బతిన్నాయి. కళ్ళకు చికిత్స చేయించుకోవడంతో మొదలైన పరిచయమే ఆయన్ని వైద్యం వైపు నడిపించిందని అల్‌బీరూనీ రాశారు.

చాలామంది విద్యార్థులు చదువు ముగించే వయసులో ఆయన వైద్యం మొదలుపెట్టారు. అయినా కొద్దికాలంలోనే రయ్ ఆసుపత్రికి, ఆ తరువాత బగ్దాద్ ఆసుపత్రికి అధిపతి అయ్యారు. ఆయన పాఠం చెప్పే తీరు కూడా ప్రత్యేకమే. శిష్యులు వలయాలుగా కూర్చునేవారు. రోగి రాగానే ముందు బయటి వలయంలోని కొత్త శిష్యులు పరీక్షించేవారు. వారికి తెలియకపోతే లోపలి వలయంలోని పాత శిష్యుల వంతు. వారికీ అంతుచిక్కకపోతే అప్పుడు రాజీ నోరు విప్పేవారు. పేదలను ఆదుకునేవారని, వారికి చికిత్సతో పాటు ఖర్చులకూ ఇచ్చేవారని ఇబ్నె నదీమ్ పేర్కొన్నారు. వైద్యుడు అందుబాటులో లేని పేదవాడు తనకు తానే చూసుకోగలిగేలా ప్రత్యేకంగా ఒక గ్రంథమూ రాశారు.

మశూచి, తట్టు అనే రెండు రోగాలను విడమరచి చూపిస్తూ ఆయన రాసిన చిన్న గ్రంథం తరువాతి కాలంలో అనేక భాషల్లోకి వెళ్ళింది. గాలెన్ అంతటి గ్రీకు వైద్యుడి అభిప్రాయాలపైనా సందేహాలు లేవనెత్తుతూ ఆయన ఒక పుస్తకం రాశారు. మెదడు పొరల వాపు లక్షణాలు కనిపించినప్పుడు కొందరికి రక్తం తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచి, రెండు వర్గాల ఫలితాలనూ పోల్చి చూశారు. పెద్దవారు చెప్పారు కనుక నిజమే అయి ఉంటుందని ఊరుకోవడం ఆయన స్వభావంలో లేదు.

కొలిమి ముందు రాజీ

వైద్యంలో చూపిన ఈ నిక్కచ్చితనమే ఆయన రసాయన విద్యలోనూ కనిపిస్తుంది. ఆ కాలంలో కీమియా పుస్తకాలంటే పొడుపుకథలు, సంకేతాలు, అంతుచిక్కని మాటలు. రాజీ రాసిన 'కితాబుల్ అస్రార్' పేరుకు రహస్యాల గ్రంథమే గాని, వంటింటి పుస్తకంలా సూటిగా ఉంటుంది. ముందు పదార్థాలు, తరువాత పనిముట్లు, ఆ తరువాత చేసే విధానాలు. ఖనిజ పదార్థాలను ఆయన ఆరు తరగతులుగా విభజించారు. నిప్పు తగిలితే ఎగిరిపోయేవి నాలుగు: పాదరసం, నవాసాగరం, గంధకం, ఆర్సెనిక్ ఖనిజాలైన హరిదళం వంటివి. కరిగి సాగేవి ఏడు: బంగారం, వెండి, రాగి, ఇనుము, సీసం, తగరం, చైనా నుంచి వచ్చే ఒక లోహం. మిగిలిన తరగతుల్లో రాళ్ళు, అన్నభేది వంటి జాజ్‌లు, టంకణాలు, ఉప్పులు ఉన్నాయి. పనిముట్ల జాబితాలో కొలిమి, తిత్తి, మూస, పట్టకారు, కల్వం, బట్టీ అన్నీ ఉన్నాయి.

ఆయన వివరించిన విధానాల్లో ముఖ్యమైనది తక్లీస్, అంటే లోహాన్ని కాల్చి సున్నంలాంటి పొడిగా మార్చడం. సీసాన్ని గాలి తగిలేలా కాలిస్తే పసుపుపచ్చని ముర్దాసంగ్ అవుతుంది. దాన్నే జాగ్రత్తగా ఇంకా కాలిస్తే ఎర్రని సిందూరం అవుతుంది. రాగిని కాలిస్తే నల్లని పొడి. ఇనుమును తుప్పు పట్టిస్తే కుంకుమపువ్వు రంగు పొడి. ఇనుము కుంకుమపువ్వు అనే అర్థం వచ్చే పేరుతోనే అరబ్బు రసాయనవేత్తలు దాన్ని పిలిచారు. ఇవన్నీ రాజీ తన జాబితాలో చేర్చిన పదార్థాలే. నేటి రసాయన శాస్త్రం వీటన్నిటికీ ఒకే ఇంటిపేరు పెట్టింది: ఆక్సైడ్లు.

లోహం నుంచి ఏదో పోయి పొడి మిగులుతుందని చాలాకాలం చాలామంది భావించారు. నిజానికి జరిగేది దానికి విరుద్ధం. 207 గ్రాముల సీసం పూర్తిగా ముర్దాసంగ్‌గా మారితే 223 గ్రాములు తూగుతుంది. అదనంగా వచ్చిన 16 గ్రాములూ గాలిలోంచి వచ్చినవే. ఈ లెక్క తేలడానికి రాజీ తరువాత ఎనిమిది వందల సంవత్సరాలకు పైగా పట్టింది. 1774లో ఇంగ్లండ్‌లో ప్రీస్ట్లీ ఎర్రని పాదరసపు పొడిని వేడిచేసి అందులోంచి ఒక వాయువును రాబట్టారు. ఫ్రాన్స్‌లో లావోయిజర్ త్రాసు సాయంతో దాని పాత్రను తేల్చి ఆక్సిజన్ అని పేరుపెట్టారు. మనం పీల్చే గాలిలో అది సుమారు 21 శాతం ఉంది.

ఆక్సీకరణి చేసే పని

ప్రతి పదార్థమూ పరమాణువులతో ఏర్పడింది. పరమాణువు మధ్యలో కేంద్రకం, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు ఉంటాయి. కొన్ని పరమాణువులు తమ బయటి ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకుంటాయి. ఇనుము, సీసం, జింకు ఇలాంటివి. మరికొన్ని ఎదుటివారి ఎలక్ట్రాన్ల కోసం కాచుకుని ఉంటాయి. ఆక్సిజన్, క్లోరిన్ ఇలాంటివి. ఎలక్ట్రాన్లను పోగొట్టుకోవడాన్ని ఆక్సీకరణం అంటారు. వాటిని లాక్కునే పదార్థమే ఆక్సీకరణి.

ఇక్కడ మన పాఠకులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఎలక్ట్రాన్లను లాక్కున్న ఆక్సీకరణి మునుపటిలా ఉండదు. అది మార్పు చెందుతుంది, లాక్కునే శక్తిని కోల్పోతుంది. ఆ మార్పుకు తెలుగులో క్షయకరణం అని పేరు. పోగొట్టుకునేవాడు లేకుండా లాక్కునేవాడు ఉండడు. లాక్కున్న ప్రతిదీ తానూ క్షయకరణం చెందక తప్పదు. అల్లాహ్ సృష్టిలో ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ సరిగ్గా సరిపోతాయి. పోయిన ఎలక్ట్రాన్లు ఎన్నో, చేరిన ఎలక్ట్రాన్లూ అన్నే.

తుప్పు పట్టేటప్పుడు ఇదే జరుగుతుంది. తడి తగిలిన ఇనుము ఎలక్ట్రాన్లను వదులుతుంది, గాలిలోని ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. నీరు ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి దారి చేసి పెడుతుంది. ఉప్పునీరైతే పని ఇంకా వేగంగా సాగుతుంది. తుప్పు పొర పెళుసుగా, గుల్లగా ఉండి లోపలి ఇనుముకు రక్షణ ఇవ్వదు. అందువల్ల రోజురోజుకూ లోపలికి తింటూ పోతుంది.

పాతబస్తీ కొలిముల్లో

ఈ విద్యను చూడటానికి బగ్దాద్ వెళ్ళనవసరం లేదు. మన హైదరాబాద్ పాతబస్తీలో రాగి దేగులకు కలాయి వేసే పనిని చూస్తే చాలు. పెళ్ళి విందుల బిర్యానీ వండే దేగు లోపల కలాయి అరిగిపోతే పులుపు తగిలిన రాగి వంటలోకి దిగుతుంది. పనివాడు దేగును వేడిచేసి, తగరం ముక్క తాకించి, నవాసాగరం పొడి చల్లి దూదితో రుద్దుతాడు. ఘాటైన తెల్లని పొగ లేస్తుంది. రాగి మీద పేరుకున్న ఆక్సైడ్ పొరను నవాసాగరం తొలగిస్తుంది. అలా శుభ్రమైన రాగిమీదే 232 డిగ్రీల వద్ద కరిగే తగరం అంటుకుంటుంది. మురికి పొర మీద ఎంత మంచి తగరం పూసినా నిలవదు. రాజీ తన మొదటి తరగతిలో చేర్చిన నవాసాగరమే ఇది.

గుల్జార్ హౌజ్, చార్‌కమాన్ ప్రాంతపు నగల వ్యాపారంలో తేజాబ్ పేరు తెలియనివారు ఉండరు. తేజాబ్ అంటే నైట్రిక్ ఆమ్లం. ఇది బలమైన ఆక్సీకరణి. వెండి కలిసిన బంగారాన్ని తగిన పాళ్ళలో కరిగించి పలుచని ముక్కలు చేసి ఇందులో వేస్తే, వెండి తన ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని కరిగిపోతుంది. బంగారం చలించక అడుగున మిగులుతుంది. పైకి లేచే ఎర్రని గోధుమరంగు పొగ విషపూరితమైనది. నైట్రిక్ ఆమ్లం క్షయకరణం చెందిందనడానికి ఆ పొగే గుర్తు. బంగారాన్ని కూడా కరిగించాలంటే ఒక పాలు నైట్రిక్ ఆమ్లానికి మూడు పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపాలి. మొదటిది ఎలక్ట్రాన్లను లాగుతుంది, రెండవదానిలోని క్లోరైడ్ ఆ బంగారాన్ని ద్రావణంలో పట్టి ఉంచుతుంది.

ఈ ఆమ్లాలను కూడా రాజీయే కనిపెట్టారని రాసే పుస్తకాలు ఉన్నాయి. నైట్రిక్ ఆమ్లం తయారీ స్పష్టంగా కనిపించేది ఆయన తరువాతి కాలపు గ్రంథాల్లో. మనవాడన్న అభిమానంతో ఒకరి ఘనతను మరొకరి ఖాతాలో వేయడం కూడా తూకంలో మోసమే. రాజీకి ఉన్న ఘనత ఆయనకు చాలు.

బంగారం ఆశ

సాధారణ లోహాన్ని బంగారంగా మార్చవచ్చునని ఆ కాలపు చాలామంది పండితుల్లాగే రాజీ కూడా నమ్మారు. ఆ నమ్మకం తప్పు అని నేడు మనకు తెలుసు. కారణం కూడా తెలుసు. ఎంత బలమైన ఆక్సీకరణి అయినా పరమాణువు బయటి ఎలక్ట్రాన్లను మాత్రమే తాకగలదు. రాగిని రాగిగా, బంగారాన్ని బంగారంగా నిలిపేది లోపలి కేంద్రకం. కొలిమి నిప్పుకు, ఆమ్లానికి అక్కడిదాకా చేయి చాలదు. రాగి పచ్చబడవచ్చు, నల్లబడవచ్చు, పసుపురంగు తెచ్చుకోవచ్చు. బంగారం మాత్రం కాదు.

దీనికి సంబంధించి ఇబ్నె ఖల్లికాన్ ఒక కథ రాశారు. కీమియా మీద రాసిన ఒక గ్రంథాన్ని రాజీ పాలకుడైన మన్సూర్‌కు సమర్పించారట. మన్సూర్ సంతోషించి వెయ్యి దీనార్లు ఇచ్చి, పుస్తకంలో ఉన్నదాన్ని చేసి చూపమన్నాడట. రాజీ చూపలేకపోయారు. మన్సూర్ ఆగ్రహించి ఆయన తలపై కొట్టించాడని, కంటిచూపు పోవడానికి ఆ దెబ్బే కారణమని ఆ కథ సారాంశం. కొలిమి పొగల వల్ల కళ్ళు పాడయ్యాయన్న బీరూనీ మాటే దీనికంటే నమ్మదగినదిగా ఉంది. చివరి రోజుల్లో రాజీ చూపు కోల్పోయింది మాత్రం నిజం. కథ నిజమైనా కాకపోయినా, అందులో పాలకుడి మనసు మాత్రం మనకు పరిచయమే. జ్ఞానం చేతికి వచ్చినా అతనికి కనిపించింది బంగారం ఒక్కటే. కీమియా పేరుతో బంగారం రెట్టింపు చేస్తామని నమ్మించి పేదల నగలు కాజేసేవారు ప్రతి కాలంలోనూ ఉన్నారు. వారి ఎర పనిచేసేది ఈ మనసు మీదే.

చంపిన లోహం, బతకవలసిన రోగి

రాజీ కొలిమి పని చివరికి రోగి మంచం దాకా వెళ్ళింది. యునానీ వైద్యంలో కుష్తాలు అనే మందులున్నాయి. ఫారసీలో కుష్తా అంటే చంపబడినది అని అర్థం. ఆయుర్వేదంలో వీటినే భస్మాలంటారు. లోహాన్ని శుద్ధిచేసి, మూలికల రసంతో నూరి, మట్టిపాత్రలో మూసి, పిడకల మంటలో పదేపదే కాలుస్తారు. జింకు కుష్తా ప్రధానంగా జింకు ఆక్సైడే. ఇనుము కుష్తా ఇనుము ఆక్సైడే. చార్మినార్ పక్కన ఏడవ నిజాం కాలంలో కట్టిన నిజామియా యునానీ ఆసుపత్రి నీడలో పెరిగిన పాతబస్తీ ప్రజలకు ఈ పేర్లు కొత్తవి కావు.

కాని చంపినంత మాత్రాన విషం చావదు. ఈ సంగతి రాజీకి తెలుసు. ఆయన ఒక కోతికి పాదరసం తాగించి చూశారు. అది కడుపునొప్పితో కడుపు పట్టుకోవడం, పళ్ళు కొరకడం గమనించి రాశారు. ద్రవరూపంలోని పాదరసం కన్నా చంపిన పాదరసం, ముఖ్యంగా ఆవిరిగా మార్చి పట్టిన పాదరసం ప్రాణాంతకమని హెచ్చరించారు. నేటి శాస్త్రం ఇదే చెబుతుంది. పరమాణువు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని లవణంగా మారితే శరీరంలో తేలిగ్గా కలిసిపోతుంది. సీసం, పాదరసం, ఆర్సెనిక్ కలిసిన మందులు మూత్రపిండాలను, నరాలను పాడుచేస్తాయి. పసిపిల్లలకూ గర్భిణులకూ సీసం కొద్దిపాటి మోతాదు కూడా హానికరమే.

కనుక బలానికనో, మగతనానికనో, కీళ్ళనొప్పికనో ఫుట్‌పాత్ మీద పేరులేని పొట్లాల్లో అమ్మే కుష్తాలు కొనకండి. అర్హత గల హకీమ్ చేత పరీక్ష చేయించుకోండి, తయారుచేసినవారి పేరు, లైసెన్సు ఉన్న మందే తీసుకోండి. ఆహారంతో నయమయ్యే చోట మందు వాడరాదని, ఒక్క మందుతో పోయే రోగానికి పది మందులు కలపరాదని రాజీ తన శిష్యులకు నేర్పారు. ఇంట్లో కూడా ఆక్సీకరణులతో జాగ్రత్త అవసరం. నీటిలోని క్రిములను చంపే బ్లీచింగ్ పౌడర్ ఒక ఆక్సీకరణి. దాన్ని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. తెలియక దాన్ని పోగొట్టుకోవడానికి మనకు హక్కు లేదు.

హైదరాబాద్ చేసిన సేవ

రాజీ హిజ్రీ 313లో, క్రీస్తు శకం 925లో, తాను పుట్టిన రయ్‌లోనే మరణించారు. చనిపోయేనాటికి ఆయన దగ్గర పోగుపడి ఉన్న వైద్యపు రాతలను వజీర్ ఇబ్నుల్ అమీద్ సేకరింపజేయగా అవి 'అల్‌హావీ' అనే మహాగ్రంథంగా రూపొందాయి. 1279లో అది లాటిన్‌లోకి అనువాదమై యూరప్ వైద్యులకు పాఠ్యగ్రంథమైంది. అయితే అరబీ మూలం మాత్రం శతాబ్దాల పాటు చేతిరాత ప్రతుల్లోనే ఉండిపోయింది.

దాన్ని అచ్చులోకి తెచ్చే భాగ్యం మన హైదరాబాద్‌కు దక్కింది. పాతబస్తీలో జామియా నిజామియాను స్థాపించిన మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మ) 1888లో దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ స్థాపకుల్లో కూడా ఒకరు. ధార్మిక విద్యకు జీవితం అంకితం చేసిన ఆలిమ్ పాత అరబీ గ్రంథాలను బతికించే పనికీ పూనుకున్నారు. ఆ సంస్థే 1955 నుంచి 'అల్‌హావీ'ని ఇరవైకి పైగా సంపుటాల్లో ప్రచురించింది. నేడు ప్రపంచంలో ఎక్కడ రాజీ వైద్యం మీద పరిశోధన జరిగినా ఆ హైదరాబాద్ ప్రతిని తెరవవలసిందే.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ప్రవక్తృత్వం గురించి రాజీకి ఆపాదించబడిన కొన్ని అభిప్రాయాలు ఇస్లామ్ విశ్వాసానికి విరుద్ధమైనవి. ఆయన సమకాలికుడైన అబూహాతిమ్ రాజీ వాటిని గట్టిగా ఖండించారు. అల్‌బీరూనీ కూడా ఆయన రచనలన్నిటికీ జాబితా తయారుచేస్తూనే ఆ అభిప్రాయాలను తప్పుపట్టారు. మన పండితుల పద్ధతి ఇది. తప్పును తప్పన్నారు. ఆ తప్పు కారణంగా రోగులకు పనికొచ్చే విద్యను కాలువలో పారబోయలేదు. ఆ విద్య కోసమని తప్పును కప్పిపుచ్చనూ లేదు. ఇదే న్యాయమైన త్రాసు.

హృదయపు తుప్పు

దివ్య ఖుర్ఆన్‌లో సూరయె ముతఫ్ఫిఫీన్ కొలతల్లో, తూకాల్లో మోసం చేసేవారి గురించిన హెచ్చరికతో మొదలవుతుంది. ఇతరుల నుంచి నిండుగా తీసుకుని, ఇవ్వవలసి వచ్చినప్పుడు తగ్గించి ఇచ్చేవారే వారు. అదే సూరాలో, మనుషులు చేసుకున్న పనులే వారి హృదయాలపై తుప్పులా పేరుకుపోయిన సంగతి వస్తుంది. పాపం చేసినప్పుడు హృదయంపై ఒక నల్ల మచ్చ పడుతుందని, పశ్చాత్తాపపడితే అది తుడిచిపెట్టుకుపోతుందని, పాపాలు పెరిగితే అది హృదయమంతా కమ్ముకుంటుందని, ఆ సూరాలో చెప్పిన తుప్పు అదేనని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన హదీసులో దైవప్రవక్త (స) తెలియజేశారు.

ఒకే సూరాలో త్రాసు, తుప్పు రెండూ ఎందుకు వచ్చాయో కొలిమి ముందు నిలబడి ఆలోచిస్తే మనసుకు తడుతుంది. ఎదుటివాడి సొమ్ము లాక్కున్నవాడు లాభపడ్డానని అనుకుంటాడు. కల్తీ కుష్తా అమ్మినవాడు, బంగారం తూకంలో రవ్వంత తగ్గించినవాడు, అన్నదమ్ముల ఆస్తి కాజేసినవాడు అలాగే అనుకుంటారు. లాక్కున్న ప్రతిసారీ వారిలోనే ఏదో క్షయమైపోతోంది. అది ఆక్సిజన్‌లా కంటికి కనిపించదు. ఆ క్షయం లోపలికంతా పాకిన తరువాత మంచి మాట వినిపించినా మనసుకు అంటదు, మురికి దేగుకు తగరం అంటనట్టు.

తుప్పు మొదలవగానే తుడిచిన ఇనుము మెరుస్తుంది. ఏళ్ళ తరబడి వదిలేసిన ఇనుము రాలిపోతుంది. దేగుకు కలాయి వేయించే మనం హృదయానికి తౌబా చేయించడంలో ఎందుకు ఆలస్యం చేస్తున్నాము? నేడే ఒకసారి లెక్క చూసుకుందాము. ఎవరి హక్కయినా మన దగ్గర ఉండిపోయి ఉంటే తిరిగి ఇచ్చేద్దాము. అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, న్యాయమైన తూకాన్ని, తుప్పు పట్టని హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.